కొత్త సముద్రపు చేప నిలవడం లేదా? ముందు సంచిలో నీళ్ళు కొలవండి

క్లౌన్ చేపలతో, డామ్సెల్ చేపలతో ఏడాదికి పైగా ఉప్పునీటి ట్యాంకు నడిపి, ఇప్పుడు అందరి ఇళ్ళలో కనిపించని చేపను పెంచాలనుకుంటున్నవారి కోసం ఇది రాస్తున్నాను. అమ్మోనియా, నైట్రైట్ సున్నా ఉండాలనీ, నీటి వేడి 25 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలనీ మీకు తెలుసు. వాటి జోలికి పోను.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉండే మనకు ఇలాంటి చేప కావాలంటే సాధారణంగా విశాఖ దుకాణమే దిక్కు. లేదంటే చెన్నై నుంచో కోల్‌కతా నుంచో తెప్పించుకోవాలి. వారం తిరగకుండానే ఆ చేప చనిపోతుంది. అప్పుడు నాకు వచ్చే ఫోను దాదాపు ఒకే మాటతో మొదలవుతుంది: "అన్నయ్యా, నీళ్ళన్నీ బాగానే ఉన్నాయి. ఈ జాతే నాజూకుది." చేప వచ్చిన సంచి నీళ్ళలో ఉప్పు ఎంతుందో కొలిచారా అని అడుగుతాను. కొలిచినవారు చాలా అరుదు. రెండు చుక్కల నీటితో, ఒక్క నిమిషంలో తేలిపోయే పరీక్ష అది. దాన్ని వదిలేసి పాపం జాతి మీద నెట్టడం చూసి చూసి విసిగిపోయాను.

మొదటి రోజు నుంచీ తిండి ముట్టకపోతే

కొనేటప్పుడే తప్పు జరిగింది. బటర్‌ఫ్లై చేపల్లో పగడపు జీవులను కొరుక్కుని మాత్రమే బతికే జాతులు ఉన్నాయి. ఆర్నేట్ బటర్‌ఫ్లై అలాంటిదే. దాని ముందు ఎంత మంచి మేత వేసినా చూస్తూ చూస్తూ ఎండిపోతుంది. మూరిష్ ఐడల్‌ను కూడా ఇంటి ట్యాంకుకు తేకండి. సముద్రంలో అది ఎక్కువగా స్పాంజి జీవులను తింటుంది, ట్యాంకులో నెలల తరబడి నిలవడమే గొప్ప.

పొడవాటి ముక్కుతో నారింజ పట్టీలుండే కాపర్‌బ్యాండ్ మధ్యరకం. అది తిండి ముట్టకపోతే మేత పొట్లాలు మార్చుతూ కూర్చోకుండా పచ్చి ఆల్చిప్పను తెరిచి, ఒక చిప్పలో మాంసం అలాగే ఉంచి, రాళ్ళ మధ్య పెట్టండి. ఆ ముక్కు ఉన్నదే సందుల్లోంచి తిండి లాగడానికి. ఆల్చిప్పలను ముందుగా ఫ్రీజర్లో గడ్డకట్టించి వాడండి. మిగిలిన మాంసం రెండు మూడు గంటల్లో తీసేయండి.

అరుదుగా ఉండాలి, నిలవాలి అనుకుంటే నా సలహా వేరు. నల్లని ఒంటి నిండా తెల్ల చుక్కలుండే మెరైన్ బెట్టా, ఫ్లేమ్ హాక్‌ఫిష్, పసుపు వాచ్‌మన్ గోబీ, బటర్‌ఫ్లైనే కావాలంటే కంటి వెనుక తెల్ల పట్టీ, ఎర్రని తోక ఉండే కొలారే. ఇవన్నీ మైసిస్ రొయ్య, ఆర్టీమియా వంటి మేతకు అలవాటు పడతాయి. హాక్‌ఫిష్ ఉంటే ట్యాంకులో చిన్న రొయ్యలు మిగలవు, అది గుర్తుంచుకోండి. ఏ చేపైనా మీ కళ్ళముందు తిన్నాకే డబ్బు ఇవ్వండి. "ఇందాకే తిన్నది" అని దుకాణదారు అంటే అడ్వాన్సు ఇచ్చి, వారం తర్వాత మళ్ళీ వెళ్ళండి. ఆ వారంలో పోయే చేప మీ ఇంట్లోనూ పోయేదే.

సముద్రపు గుర్రాల గురించి అడగకండి. 2001 నుంచి అవి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. గట్టి పగడాలూ అంతే.

తింటూనే చిక్కిపోతుంటే

ఇది ఎక్కువగా మాండరిన్ చేప విషయంలో జరుగుతుంది. రోజంతా రాళ్ళను పొడుస్తూనే ఉంటుంది కాబట్టి తింటోందని అనుకుంటారు. అది వెతికేది రాళ్ళమీద ఉండే కోపిపాడ్లనే బుల్లి జీవులను. చిన్న ట్యాంకులో అవి కొద్ది వారాల్లో అయిపోతాయి. ఆ తర్వాత చేప పొడుస్తున్నది ఖాళీ రాయినే. పక్కనుంచి చూస్తే రంగులకు మోసపోతాం. పైనుంచి, తల వెనుక భాగం చూడండి. అక్కడ కండ లోపలికి పీక్కుపోయి, పొట్ట గుంటపడి ఉంటే అది ఆకలే. ట్యాంకు 250 లీటర్లకు తక్కువైతే, లైవ్ రాక్ (జీవులు పట్టిన సముద్రపు రాళ్ళు) పెట్టి ఏడాది కాకపోతే, అదే తిండి తినే రాస్ చేపలు ఇప్పటికే ఉంటే మాండరిన్ తేవద్దు. ఇప్పటికే తెచ్చి ఉంటే అడుగున ఒక మూల చిన్న గాజు గిన్నె పెట్టి, అప్పుడే పొదిగిన ఆర్టీమియాను పిచికారీతో అందులోకి వదలండి, మిగతా చేపలు లాక్కోకుండా చూడండి. ఆంథియస్ చేపలదీ ఆకలి బాధే, రోజుకు ఒకపూట మేత వాటికి చాలదు, కొద్దికొద్దిగా మూడు నాలుగు సార్లు వేయాలి.

రెండు మూడు రోజులు బాగుండి, తర్వాత ఆయాసపడితే

ఎక్కువ చేపలు పోయేది ఇక్కడే. తెచ్చిన రోజు ఈదుతుంది, కొందరి ఇళ్ళలో తింటుంది కూడా. రెండో రోజో మూడో రోజో మూలకు చేరి గబగబా మొప్పలు ఆడిస్తుంది, తిండి మానేస్తుంది, ఒళ్ళు కుంచించుకుపోయినట్టు కనిపిస్తుంది. పాత చేపలకు ఏమీ కాదు. అందుకే నీటిమీద అనుమానం రాదు.

ముందు వెల్వెట్ జబ్బు కాదని తేల్చుకోండి. దానిలోనూ ఆయాసం ఉంటుంది. కానీ ఒంటిమీద టార్చి వెలుగు వాలుగా వేసి చూస్తే బంగారు పొడి చల్లినట్టు ఉంటుంది, చేప రాళ్ళకు ఒళ్ళు రుద్దుకుంటుంది, పంపు ధారకు ఎదురుగా నిలబడుతుంది. ఇవేమీ లేకుండా ఆయాసం ఒక్కటే ఉంటే, మొదట అనుమానించవలసింది ఉప్పు తేడానే.

చాలా దుకాణాల్లో చేపల తొట్లలో లవణీయత, అంటే నీటిలో ఉప్పు, తక్కువగా ఉంచుతారు. ఉప్పు ఖర్చు తగ్గుతుంది, పరాన్నజీవుల ఉధృతి కొంత తగ్గుతుందన్న నమ్మకమూ ఉంది. మీ ట్యాంకు 35 పీపీటీ (కిలో నీటిలో 35 గ్రాముల ఉప్పు), అంటే గ్రావిటీలో సుమారు 1.026 ఉంటే, సంచిలో వచ్చిన నీరు 25 పీపీటీ, అంటే 1.019 దగ్గర ఉండవచ్చు. సముద్రపు చేప రక్తంలో ఉండే ఉప్పు సముద్రపు నీటిలో సుమారు మూడో వంతే. అందువల్ల దాని ఒంట్లోంచి నీరు నిరంతరం బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి చేప ఉప్పునీరు తాగి, అదనపు ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాలతో బయటికి నెడుతుంది. తక్కువ ఉప్పులో వారాల తరబడి ఉన్న చేపలో ఆ కణాల పని మందగించి ఉంటుంది. ఒక్కసారిగా 35లో వేస్తే అవి పుంజుకోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోగా ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఎక్కువ ఉప్పు నుంచి తక్కువకు దిగడాన్ని ఇవే చేపలు బాగా తట్టుకుంటాయి. ఎక్కడమే కష్టం.

మన జిల్లాల్లో ఈ సంగతి తెలియనివారు ఉండకూడదు. భోగాపురం, పూసపాటిరేగ తీరంలో హేచరీలున్నాయి. అక్కడి నుంచి సీడ్ (రొయ్య పిల్లలు) తెచ్చుకునే రొయ్యల రైతు చెరువులో ఎన్ని పీపీటీ ఉందో ముందే చెప్పి, హేచరీలో దానికి తగ్గట్టు సీడ్‌ను సిద్ధం చేయించుకున్నాకే చెరువులో వదులుతాడు. వేల రూపాయలు పెట్టి కొన్న చేపకు మనం అంత జాగ్రత్త చూపించం.

"నేను గంటన్నరసేపు చుక్కచుక్కగా ట్యాంకు నీరు కలిపాను" అంటారు. గంటన్నరలో పది పీపీటీ ఎక్కించడం అంటే ఒక్కసారిగా వేసినట్టే. పైగా దూరం నుంచి వచ్చిన సంచికి ఆ పద్ధతి ఇంకో ప్రమాదం తెస్తుంది. మూసిన సంచిలో చేప వదిలే కార్బన్ డయాక్సైడ్ వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. అందువల్ల పేరుకున్న అమ్మోనియాలో ఎక్కువ భాగం అంతగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి తెరవగానే ఆ వాయువు పోయి పీహెచ్ పెరుగుతుంది, అమ్మోనియా విషరూపంలోకి మారుతుంది. ఆ నీళ్ళలోనే చేపను గంటల తరబడి ఉంచితే మొప్పలు కాలిపోతాయి.

కొలత గురించి కూడా చెప్పాలి. ముల్లు ఆడే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌ను నమ్మకండి. ముల్లుకు ఒక గాలిబుడగ అంటుకున్నా, ఉప్పు పేరుకున్నా అంకె మారిపోతుంది. రొయ్యల చెరువుల సామాన్లు అమ్మే దుకాణాల్లో రిఫ్రాక్టోమీటర్ దొరుకుతుంది, అది కొనుక్కోండి. దాన్ని మంచినీటితో సున్నాకు సరిచేసి వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపించవచ్చు. వంటింటి త్రాసుతో 36.5 గ్రాముల పొడి ఉప్పు, 963.5 గ్రాముల ఆర్‌ఓ నీరు తూచి కలపండి. ఈ ద్రావణాన్ని రిఫ్రాక్టోమీటర్ 35 పీపీటీ సముద్రపు నీటిలాగే చూపించాలి. చూపించకపోతే మరను తిప్పి సరిచేయండి.

తీరం నుంచి నీరు తెచ్చుకునేవారికి ఇంకో ముప్పుంది. సముద్రపు నీరే కదా, 35 ఉంటుందిలే అనుకుంటారు. కళింగపట్నం దగ్గర వంశధార కలుస్తుంది, కోనాడ దగ్గర చంపావతి, బారువ దగ్గర మహేంద్రతనయ. నది పొంగిన రోజుల్లో అక్కడ తెచ్చిన నీరు సగం మంచినీరే. వరద తగ్గినంత మాత్రాన సరిపోదు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది బంగాళాఖాతంలో కలిపిన మంచినీరు వర్షాకాలం వెళ్ళాక, అక్టోబరు, నవంబరు నెలల్లో తీర ప్రవాహంతో మన ఒడ్డు వెంబడే దక్షిణానికి దిగుతుంది. ఆకాశం నిర్మలంగా ఉన్నా అప్పుడు ఒడ్డున నీటి లవణీయత 30 కంటే తక్కువకు పడిపోతుంది. ఏప్రిల్‌లో తెచ్చిన నీటికీ నవంబరులో తెచ్చిన నీటికీ పోలికే లేదు. తెచ్చిన ప్రతిసారీ కొలవండి, తక్కువైతే అక్వేరియం ఉప్పు కలిపి 35కు తెచ్చాకే వాడండి.

వేసవిలో తేడా రెండో వైపుకు పోతుంది. చిల్లర్ లేనివారు నీటిమీద ఫ్యాను తిప్పుతారు, అది మంచి పనే. కానీ ఆవిరయ్యేది నీరు, ఉప్పు ట్యాంకులోనే మిగులుతుంది. మట్టం తగ్గినప్పుడల్లా ఉప్పునీరు పోస్తే నెల తిరిగేసరికి 38, 39కి చేరుతుంది. పాత చేపలు మెల్లగా అలవాటు పడతాయి. ఆ ట్యాంకులో 25 నుంచి వచ్చిన కొత్త చేపను వేస్తే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఆవిరైన నీటికి బదులు ఆర్‌ఓ నీరు మాత్రమే పోయాలి.

ఇక పరిష్కారం. బయలుదేరే ముందే దుకాణానికి ఫోను చేసి తొట్టిలో ఎన్ని పీపీటీ ఉందో అడగండి. చెప్పలేకపోతే చేప తెచ్చాక సంచి నీరు కొలవండి. క్వారంటైన్ ట్యాంకును, అంటే కొత్త చేపను విడిగా ఉంచే చిన్న ట్యాంకును, అదే లవణీయతకు తెచ్చి సిద్ధంగా ఉంచండి. 25 కావాలంటే 35 పీపీటీ నీరు ఐదు పాళ్ళు, ఆర్‌ఓ నీరు రెండు పాళ్ళు. స్పాంజి ఫిల్టర్‌ను నెలముందే పెద్ద ట్యాంకులో పెట్టి బాక్టీరియా పట్టించి ఉంచుకోవాలి, లేకపోతే అమ్మోనియాతో మళ్ళీ మొదటికొస్తారు. మూసిన సంచిని ఇరవై నిమిషాలు నీటిమీద తేలనివ్వండి. వేడి సమానం కాగానే సంచి తెరిచి, చేపను మాత్రమే క్వారంటైన్‌లోకి మార్చి, ఆ నీరు పారబోయండి. ఒక చిన్న సీసాడు ఉంచుకోండి, తర్వాత ఏదైనా తేడా వస్తే కొలవడానికి ఉంటుంది.

చేప తిండి తినడం మొదలుపెట్టాక రోజుకు ఒక పీపీటీ, మించితే రెండు చొప్పున పెంచండి. 40 లీటర్ల నీరు 25 దగ్గర ఉన్నప్పుడు 4 లీటర్లు తీసి, 35 నీరు 4 లీటర్లు పోస్తే 26 అవుతుంది. పైకి వెళ్ళే కొద్దీ అదే ఒక్క పీపీటీకి ఎక్కువ నీరు మార్చాలి. ఆ దశలో, ఈ చిన్న ట్యాంకులో మాత్రం, ఆవిరైన నీటి స్థానంలో ఉప్పునీరే పోయవచ్చు. పది రోజులు పడుతుంది, పట్టనివ్వండి. ఎలాగూ జబ్బులు బయటపడేదాకా నాలుగు వారాలు విడిగా ఉంచాలి కదా.

ఇప్పటికే వేసేసి, చేప ఆయాసపడుతుంటే మందులేమీ పోయకండి. దుకాణం లవణీయతకు కలిపిన నీటిలోకి దాన్ని వెంటనే మార్చి, ఎయిర్ పంపు పెట్టి, గది చీకటి చేసి వదిలేయండి. దిగడాన్ని తట్టుకుంటుందని పైన చెప్పాను. మొదటి రోజే గమనిస్తే చాలా చేపలు కోలుకుంటాయి. మూడు రోజులు ఆగితే ఆశ తక్కువ.

కనిపించకుండా పోతే

ముందు నేల చూడండి, ట్యాంకు వెనక, స్టాండు కింద. గోబీలు, ఫెయిరీ రాస్‌లు, జాఫిష్‌లు చిన్న సందు దొరికినా దూకుతాయి. గాజు మూత కంటే సన్నని వల బిగించిన చట్రం మేలు, మన వేడికి నీరు ఉడికిపోదు. పోయింది మెరైన్ బెట్టా అయితే కంగారు పడకండి. అది పగలు రాళ్ళ గుహలో ఉండి సంధ్యవేళ బయటికి వస్తుంది, కొత్తలో రెండు వారాలు కనిపించకపోవచ్చు. రాళ్ళు పెకలించి వెతికితే నిజంగానే చంపుకుంటారు. దీపాలు ఆర్పాక మేత వేసి ఊరుకోండి.

మిగతావి

సైనైడ్‌తో పట్టిన చేప అంటారు. కొన్ని దేశాల్లో అలా పట్టడం నిజమే, కానీ కొన్నాక దాన్ని మీరు తేల్చలేరు, తేల్చినా చేయగలిగింది లేదు. నీటిలోకి కరెంటు లీకవుతోందని అంటారు. అది చేప కంటే ముందు మీ ప్రాణానికి ప్రమాదం, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి లీకైతే కరెంటు కట్ చేసే బ్రేకర్ పెట్టించండి. పాత చేప తరుముతోందంటే, తరిమేదాన్ని వారం రోజులు బుట్టలో వేరుచేసి ఉంచండి.