పళ్లు తెల్లబడాలని రెండోసారి లైటు కింద కూర్చోకండి

మాఘమాసపు ముహూర్తాలు దగ్గర పడ్డాయి. మొన్న ఒక పెళ్లికూతురు మా క్లినిక్‌కు వచ్చింది. చిగుళ్ల అంచులు తెల్లగా కాలిపోయి ఉన్నాయి. చల్లటి నీళ్లు తగిలితే పళ్లు జివ్వుమని కళ్లనీళ్లు వస్తున్నాయి. అయిదు రోజుల్లో రెండుసార్లు ఒక బ్యూటీ పార్లర్‌లో నీలి లైటు పెట్టించుకుందట. "మొదటిరోజు మెరిసిపోయాయి డాక్టరుగారూ, మూడో రోజుకే రంగు తగ్గింది, అందుకే మళ్లీ వెళ్లాను" అంది.

నేను ఎక్కువగా చూసే తప్పు ఇదే. పంటి రంగును విరగ్గొట్టేది లైటు పెట్టేముందు పళ్లకు పూసే పెరాక్సైడ్ జెల్, లైటు కాదు. కొన్ని వారాల తర్వాత పోల్చి చూసిన పరిశోధనల్లో చాలావాటిలో లైటు పెట్టినవారికీ పెట్టనివారికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరి ఆ మొదటిరోజు మెరుపు? గంటసేపు నోరు తెరిచి ఉంచితే పళ్లు ఎండిపోతాయి, ఎండిన పన్ను ఇంకా తెల్లగా కనిపిస్తుంది. లాలాజలంతో తడి తిరిగి చేరగానే ఆ అదనపు తెలుపు పోతుంది. చికిత్స విఫలమైనట్టు కాదు. మళ్లీ వెళ్లకండి.

లైటు నుంచి వచ్చే వేడి పన్ను లోపలి నరానికి చేరవచ్చు. 1965లో కోతులపై జరిపిన ప్రయోగంలో లోపలి వేడి 5.5 డిగ్రీలు పెరిగితే కొన్ని పళ్ల నరం చచ్చిపోయింది. క్లినిక్‌లో వాడే జెల్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. ఐరోపా సమాఖ్యలో పళ్లు తెల్లబరిచే ఉత్పత్తులకు 6 శాతమే గరిష్ఠ పరిమితి.

పిప్పిపన్ను, పగిలిన ఫిల్లింగ్ ఉంటే ముందు బాగుచేయించుకోండి. క్యాపులు, ఫిల్లింగులు తెల్లబడవు. నల్గొండ, ప్రకాశం జిల్లాల ఫ్లోరైడ్ మచ్చలున్నవారికి మొదట్లో తెల్లమచ్చలు మరింత కొట్టొచ్చినట్టు కనిపించవచ్చు. మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నారా? ఆ మాట ముందే చెప్పండి, లైటు వద్దనండి. గర్భిణులు వాయిదా వేయండి. చిగుళ్లకు రక్షణ పూత వేయకుండా జెల్ పెట్టనివ్వకండి. లైటు నుంచి కళ్లను కాపాడే అద్దాలు లేకుండా కూర్చోకండి. మండితే ఓర్చుకోకండి, వెంటనే కడిగించండి. పార్లర్‌లో వద్దు. ఆన్‌లైన్‌లో కొన్న లైటు కిట్టు వద్దు. వ్యవధి ఉంటే పెళ్లికి ఆరు వారాల ముందే దంతవైద్యుడు కొలతకు చేసిన ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్‌తో (ఇందులోంచి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడ్ దాదాపు 3.5 శాతమే) మొదలుపెట్టండి. పెళ్లికి రెండు వారాల ముందే ఆపేయండి. ఆ రెండు వారాల్లో రంగు కాస్త తగ్గినట్టు అనిపించినా, ఎవరు ఎంత చెప్పినా, మళ్లీ లైటు కింద కూర్చోకండి.