నీటి లెక్క, కరెంటు లెక్క – 4వ పాఠం: శ్రీశైలంలో వరద రోజులు, ఎండ రోజులు

పోయిన పాఠంలో నీరు ఎంత ఎత్తు నుంచి పడితే కరెంటు అంత ఎక్కువని చూశాం. ఈసారి ఆ లెక్క శ్రీశైలం మీద వేద్దాం. పేపర్లో రోజూ వచ్చే ప్రాజెక్టుల నీటిమట్టాల పట్టిక ముందు పెట్టుకోండి.

సూత్రం ఇదీ: క్యూసెక్కుల్ని (సెకనుకు పారే ఘనపుటడుగుల్ని) నీరు పడే ఎత్తు అడుగులతో హెచ్చించి 13,400తో భాగిస్తే మెగావాట్లు వస్తాయి. టర్బైన్, జనరేటర్ కలిసి నీటి బలంలో నూటికి 88 వంతులు కరెంటుగా మారుస్తాయనుకుని కట్టిన సంఖ్య అది. అసలు యంత్రం దగ్గర కాస్త అటూ ఇటూ అవుతుంది, మన అంచనాకు ఇది చాలు.

అడుగులు ఎక్కణ్నుంచి తేవాలి? శ్రీశైలం నిండితే సముద్రమట్టం నుంచి 885 అడుగులు. సాగర్ నిండితే 590. సాగర్ వెనుక జలాలు శ్రీశైలం డ్యామ్ కింది దాకా వస్తాయి కాబట్టి, రెండూ నిండుగా ఉన్నప్పుడు తేడా 295 అడుగులు. సాగర్ బాగా పడిపోయినప్పుడు మాత్రం ఈ తీసివేత వాడొద్దు. అప్పుడు టర్బైన్ నుంచి నీరు బయటపడే చోట, అంటే టెయిల్‌రేస్‌లో ఉన్న మట్టాన్నే తీసుకోవాలి.

కుడి గట్టున 110 మెగావాట్ల యంత్రాలు 7, ఎడమ గట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి 6. మొత్తం 1,670 మెగావాట్లు. సూత్రాన్ని తిరగేయండి: 1,670ని 13,400తో హెచ్చించి 295తో భాగిస్తే సుమారు 76 వేల క్యూసెక్కులు. అన్ని యంత్రాలూ నిండుగా తిరిగితే మింగగలిగింది అంతే. ఈ సంఖ్యను నోటుబుక్కు మొదటి పేజీలో రాసుకోండి, మిగతా పాఠమంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

ఆగస్టులో జలాశయం నిండి ఉండగా 3 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందనుకుందాం. 76 వేలు టర్బైన్లకు పోతే, మిగతా 2 లక్షల 24 వేలు గేట్ల మీదుగా దూకాల్సిందే. గేట్లెత్తిన రోజు జనమంతా ఆ తెల్లటి నురుగు చూడ్డానికి వస్తారు. తుంపర రోడ్డు దాకా కొట్టి కళ్లద్దాలు తడిసిపోతాయి. చూడాల్సిన దృశ్యమే. కానీ ఆ దూకే నీటిలో శ్రీశైలానికి ఒక్క యూనిట్ కరెంటు కూడా లేదు. పైగా వరద ఉధృతికి డ్యామ్ కింద మట్టం పెరిగి, పడే ఎత్తు తగ్గుతుంది. 2009 అక్టోబరు మొదట్లో వరద 25 లక్షల క్యూసెక్కులు దాటి, మట్టం 896 అడుగుల పైకి పోయింది. టర్బైన్లు మింగగలిగేది మాత్రం అప్పుడైనా ఆ 76 వేలే.

ఆ వరద ఎక్కడిది? హైదరాబాద్‌లో కుండపోత కురిస్తే శ్రీశైలం నిండుతుందని చాలామంది అనుకుంటారు. ఆ నీరు మూసీలో పడి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, అది సాగర్‌కు కూడా దిగువే. శ్రీశైలానికి ముఖ్యమైన వాన పడమటి కనుమల్లో పడాలి. అక్కడి నీరు ముందు ఆల్మట్టి, నారాయణపూర్‌లను, తుంగభద్ర వైపు ఆ డ్యామ్‌ను నింపి, ఆ తర్వాతే మన దాకా వస్తుంది. అందుకే పట్టికలో ముందుగా ఆల్మట్టి వరుస చూడటం అలవాటు చేసుకోండి.

ఇక ఎండ రోజులు. వరద ఆగాక ఉన్న నిల్వే ఆస్తి. ఒక టీఎంసీ అంటే రోజంతా 11,574 క్యూసెక్కులు. 295 అడుగుల దగ్గర దాంతో సుమారు 61 లక్షల యూనిట్లు వస్తాయి. (ఇక్కడ యూనిట్ అంటే మీటర్లో తిరిగే యూనిట్. ప్లాంటులో యంత్రాన్నీ యూనిట్ అనే అంటారు, కంగారు పడకండి.) సాగర్ అలాగే ఉండి శ్రీశైలం 854కు దిగితే ఎత్తు 264 అడుగులే, అదే టీఎంసీకి 55 లక్షల యూనిట్లే. అంటే తొందరపడి మట్టం దించితే, తర్వాత వాడే ప్రతి టీఎంసీలోనూ నష్టమే. పైగా పోతిరెడ్డిపాడు గుండా రాయలసీమకూ, చెన్నైకీ నీళ్లు వెళ్లాలంటే మట్టం నిలబడాలి. కరెంటు ఒక్కదాన్నే చూసుకుని తలుపులు తెరవడం నా దృష్టిలో తప్పు. సాగర్‌కు ఎలాగూ వదలాల్సిన నీటినే సరైన వేళకు టర్బైన్ల గుండా పంపాలి.

ఆ వేళ ఏది? సాగర్ అవసరానికి రోజుకు సగటున 12 వేల క్యూసెక్కులు వదలాలనుకోండి. రెండూ నిండుగా ఉన్న 295 అడుగుల ఎత్తు దగ్గర రోజంతా సమానంగా వదిలితే వచ్చేది 264 మెగావాట్లు. దాన్ని 13 యంత్రాలకూ తలా 20 చొప్పున పంచకూడదు. అంత తక్కువ లోడులో ఇక్కడున్న ఫ్రాన్సిస్ రకం టర్బైన్ లోపల నీరు సుడి తిరుగుతుంది, యంత్రం అదురుతుంది, రన్నర్ (నీరు తిప్పే చక్రం) రెక్కలు దెబ్బతింటాయి. దాని బదులు ఎడమ గట్టున ఒకటి, కుడి గట్టున ఒకటి నిండుగా తిప్పితే 260 వస్తుంది. ఇంకా మేలైన పద్ధతి, పగలంతా ఆపి సాయంత్రం నాలుగు గంటల్లో మొత్తం వదలడం. అప్పుడు 72 వేల క్యూసెక్కులు, 1,585 మెగావాట్లు! ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, మోటార్లు ఒకేసారి వేసే ఆ వేళకు అంత కరెంటు నిమిషాల్లో అందించడం నీటికి చేతనైన పని.

మట్టం దిగడం కళ్లారా చూడాలంటే వేసవిలో శ్రీశైలం వెనుక జలాల్లో ఉన్న సంగమేశ్వరం వెళ్లిచూడండి. నెలల తరబడి నీళ్లలో మునిగి ఉన్న గుడి ముందు శిఖరంగా, తర్వాత గోడలుగా, చివరికి వేపమొద్దు లింగంతో సహా బయటపడుతుంది. గోడ మీద ఒండ్రు గీతలు ఒకదాని కింద ఒకటి కనిపిస్తాయి.

అభ్యాసం: శ్రీశైలం 875, సాగర్ 585, ఇన్‌ఫ్లో 50 వేల క్యూసెక్కులు. మట్టం కదలకుండా ఎన్ని మెగావాట్లు తీయవచ్చు? ఎన్ని యంత్రాలు, ఏ గట్టున? లెక్క కట్టి ఉంచుకోండి. వచ్చే పాఠంలో ఎడమ గట్టు యంత్రాలు వెనక్కి తిరిగి నీటిని పైకి తోడే పద్ధతి చూసేటప్పుడు ఈ జవాబే వాడతాం.