పురుగుమందుల పనిలో ఆడవాళ్ల జాగ్రత్త: ఊళ్లో మొదలుపెట్టే పద్ధతి

ప్రకాశం జిల్లా మిర్చి, పొగాకు చేలల్లో స్ప్రేయర్ భుజానికెత్తుకునేది ఎక్కువగా మగవాళ్లే. కలపడానికి నీళ్లు మోసేది, మర్నాడు అదే చేలో కలుపు తీసేది, తడిసిన బట్టలు ఉతికేది ఆడవాళ్లు. శిక్షణకు పిలుపు మాత్రం పాసుపుస్తకం ఎవరి పేరున ఉంటే వాళ్లకే వెళ్తోంది.

ముందు పనుల జాబితా రాయండి. మందు కొనడం నుంచి ఖాళీ డబ్బా వదిలించుకోవడం దాకా ఏ పని ఎవరు చేస్తారో ఆడవాళ్లనే అడగండి. మగవాళ్లనడిగితే 'మావాళ్లు మందు ముట్టుకోరు' అంటారు, ఉతుకుడు వాళ్ల లెక్కలోకి రాదు.

శిక్షణ పొద్దున పెడితే కూలికెళ్లినవాళ్లు రాలేరు. సాయంత్రం, డ్వాక్రా సంఘం కూర్చునే రోజున పెట్టండి. డబ్బా మీది డైమండ్ గుర్తులో కింది సగం రంగు చూపించండి: ఎరుపు అన్నిటికన్నా తీవ్రమైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. అక్షరాలు రాకపోయినా ఈ గుర్తు పట్టొచ్చు.

చేతి తొడుగులు చిన్న సైజువి తెప్పించండి. వదులైతే మందు మణికట్టు దగ్గర లోపలికి దిగి చర్మానికి అంటుకునే ఉంటుంది. చీర మీద పొడుగు చేతుల చొక్కా వేసుకుని కొంగు లోపలికి దోపాలి. లేదంటే మందుతో తడిసిన ఆ కొంగుతోనే ముఖం తుడుచుకుంటారు.

మందు కొట్టిన చేనుగట్టున ఎర్రగుడ్డ కట్టి, లేబుల్‌లో చెప్పిన గడువు దాకా, అది లేకుంటే కనీసం 24 గంటలు, ఎవరినీ దిగనీయకండి. అయితే ఆ రోజు వేరే చేలో పని చూపించాలి. కూలి పోతుందంటే ఏ గుడ్డా ఆపలేదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మందు పని వద్దు, అదే కూలికి వేరే పని ఇవ్వండి. భయపడి గర్భం సంగతి దాచిపెట్టేది కూలి కోసమే.

పొగాకు రెలుపు (ఆకు కోత) మంచు ఆరాకే మొదలవ్వాలి. తడి ఆకులోని నికోటిన్ చర్మం గుండా ఎక్కి తల తిరుగుతుంది, వాంతులవుతాయి.

మందు బట్టలు విప్పినవాళ్లే మొదటిసారి జాడించాలి. తర్వాత తొడుగులతో, వేరే బకెట్లో, వేడినీళ్లు సబ్బుతో ఉతకాలి. పిల్లల బట్టలతో కలపొద్దు, ఆ నీళ్లు చెరువులో, బావి దగ్గర పోయొద్దు.

ఖాళీ డబ్బాలో పావు వంతు నీళ్లు పోసి మూత బిగించి 30 సెకన్లు ఊపి, ఆ నీళ్లు స్ప్రేయర్ ట్యాంకులోనే పోయాలి. ఇలా మూడుసార్లు. ఆఖరున అడుగున పొడిచేయాలి, అప్పుడిక ఎవరూ దాన్ని నీళ్లకో నూనెకో ఇంట్లో పెట్టుకోలేరు.

ఒళ్లు తూలినా, చూపు మసకబారినా 108కి ఫోన్ చేసి, డబ్బా లేబుల్‌ను ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి.