గుర్రానికి వచ్చే ఇబ్బందులు: తొట్టి దగ్గర వెతకవలసిన కారణాలు

మన ప్రాంతంలో గుర్రాన్ని కొత్తగా కొన్నవారిలో చాలామందికి అప్పటికే ఆవులనో గేదెలనో సాకిన అనుభవం ఉంటుంది. ఆ అనుభవం గుర్రం దగ్గర కొంతవరకే అక్కరకు వస్తుంది. గుర్రం నెమరు వేయదు, వాంతి చేసుకోలేదు, దాని జీర్ణాశయం శరీరంతో పోలిస్తే చాలా చిన్నది, తిన్న గడ్డి చాలావరకు వెనుక భాగపు పెద్దపేగుల్లో సూక్ష్మజీవుల వల్ల జీర్ణమవుతుంది. అందువల్ల కాలిలోనో ఎముకలోనో బయటపడిన జబ్బుకు కూడా అసలు కారణం తరచు దాణా తొట్టిలోనే దొరుకుతుంది. ఈ కింది లెక్కలన్నీ సుమారు 350 కిలోల మార్వారీ లేదా కాఠియావాడీ గుర్రాన్ని దృష్టిలో పెట్టుకుని ఇచ్చినవి.

డొక్క వైపు తిరిగి చూసుకుంటూ, కాలితో నేలను గీకుతోంది

ఇది కడుపుశూల. గుర్రం పడుకుని లేస్తూ, పొర్లుతూ, పై పెదవిని మడిచి ఎత్తుతూ ఉంటుంది. లద్దె తగ్గుతుంది లేదా పూర్తిగా ఆగిపోతుంది. ముందుగా నాడి చూడండి. దవడ ఎముక లోపలి అంచున దారంలా తగిలే రక్తనాళం మీద మూడు వేళ్లు ఆనించి, అర నిమిషం లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. నెమ్మదిగా నిలబడి ఉన్న ఆరోగ్యమైన గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. అది 60 దాటినా, చిగుళ్లు గులాబీ రంగు పోయి ఇటుక రంగుకో నీలానికో తిరిగినా, డొక్కకు చెవి ఆనిస్తే ఇరుపక్కలా పేగుల చప్పుడు వినిపించకపోయినా ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా పశువైద్యుణ్ణి పిలవండి.

ఆయన వచ్చేలోగా మేత, దాణా తీసివేయండి. గుర్రం ప్రమాదకరంగా పొర్లుతుంటే కాసేపు నెమ్మదిగా నడిపించవచ్చు, కాని అలసిపోయేదాకా తిప్పకూడదు. సీసాతో నోట్లో నూనె పోయడం ఇప్పటికీ చాలాచోట్ల సాగుతోంది. దయచేసి ఆ పని చేయవద్దు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే శూల తగ్గినా గుర్రం దక్కదు. నూనె అవసరమని తోస్తే వైద్యుడే ముక్కు ద్వారా గొట్టం వేసి కడుపులోకి పంపుతారు.

కారణాలలో మొదటిది మేతను ఉన్నపళంగా మార్చడం. ఏ మార్పునైనా వారం నుంచి పది రోజులలో కొంచెం కొంచెంగా చేయాలి. రెండవది గడ్డి తగ్గించి దాణా పెంచడం. ఎండుమేత లెక్కన రోజుకు 5 నుంచి 7 కిలోల గడ్డి అందాలి. ఉలవ గుగ్గిళ్లయినా, శనగలయినా, ఓట్స్ ధాన్యమయినా ఒక్క పూటకు కిలోన్నర దాటకూడదు, అంతకంటె తక్కువగా మూడు పూటలకు పంచితే ఇంకా మేలు. మూడవది నీరు. మన ఎండాకాలంలో రోజుకు 40 లీటర్లు తాగినా ఆశ్చర్యం లేదు కనుక తొట్టి ఎప్పుడూ నిండుగా, నీడలో ఉండాలి.

విశాఖ వంటి తీరప్రాంతాల్లోనూ, ఇసుక నేలల్లోనూ మేతను నేల మీద పరిస్తే గడ్డితోపాటు ఇసుక కూడా కడుపులోకి పోయి పేగుల్లో పేరుకుంటుంది. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. నేలకు తగలని రెండు మూడు లద్దెలను పారదర్శకమైన సీసాలో వేసి, నీళ్లు పోసి బాగా కలిపి, పావుగంట కదపకుండా ఉంచండి. అడుగున ఇసుక పొర తేరితే మేతను వెంటనే తొట్టిలోకి మార్చి, పేరుకున్న ఇసుకను బయటకు పంపే చికిత్స కోసం వైద్యుణ్ణి అడగండి. అయితే ఇసుక కనిపించనంత మాత్రాన లోపల లేదని నిశ్చయించుకోవద్దు.

ఆవులకో కోళ్లకో తయారుచేసిన దాణాను గుర్రానికి ఒక్క పూటకైనా పెట్టకండి. అలాంటి కొన్ని దాణాలలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రం గుండెను దెబ్బతీస్తుంది, చాలా కొద్ది మోతాదులోనే ప్రాణం తీస్తుంది.

సెలవు మర్నాడు నడుము బిగుసుకుపోయి అడుగు వేయడం లేదు

పని లేని రోజున కూడా పూర్తి దాణా పెట్టి, మర్నాడు సవారీకి తీసినప్పుడు ఇది కనిపిస్తుంది. చెమటలు పడతాయి, వెనుక భాగపు కండరాలు రాయిలా గట్టిపడతాయి, మూత్రం కాఫీ రంగులో రావచ్చు. నడిపిస్తే సర్దుకుంటుందనుకోవడం పొరపాటు. ప్రతి అడుగూ కండరాన్ని మరింత చెడగొడుతుంది. ఎక్కడ ఆగిందో అక్కడే నిలబెట్టి, నీళ్లిచ్చి, వైద్యుణ్ణి రప్పించండి. ఇకపై పని లేని రోజున దాణాను సగం కంటె తక్కువకు దించి, గుర్రాన్ని కట్టివేయకుండా ఆవరణలో తిరగనివ్వండి.

ముంగాళ్లు ముందుకు చాపి, బరువంతా మడమల మీద వేసి నిలబడుతోంది

గిట్ట లోపలి పొరలు వాచాయి. గిట్టలు వేడిగా ఉంటాయి, గిట్టకు పైన కీలు పక్కన వేలు పెడితే నాడి బలంగా కొడుతుంది. దాణా బస్తా మీద పడి అదుపు లేకుండా తిన్న తరువాతి ఒకటి రెండు రోజుల్లో ఇది వస్తుంది. గుర్రం దాణా మేసేసిందని తెలిసిన వెంటనే, కుంటి కోసం ఎదురుచూడకుండా, గిట్టలను మంచునీటిలో ఉంచుతూ వైద్యుణ్ణి పిలిస్తే గిట్టను కాపాడుకునే అవకాశం ఉంటుంది. మెత్తటి నేల మీద ఉంచాలి, నడిపించకూడదు.

ఒకసారి ఒక కాలు, మరోసారి ఇంకో కాలు కుంటుతోంది, ముఖం ఉబ్బుతోంది

మన ప్రాంతపు యజమానులు అందరికంటె ఎక్కువ జాగ్రత్త పడవలసింది ఇక్కడే, ఎందుకంటే దీనికి కారణమయ్యే తవుడు, నేపియర్ గడ్డి రెండూ మనకు చవకగా దొరుకుతాయి, రెండూ బలమైన మేతలని పేరు పొందాయి. వరి తవుడులో కాల్షియం కంటె భాస్వరం పది రెట్లకు మించి ఉంటుంది. గోధుమ తవుడు తీరూ దాదాపు అంతే. నేపియర్‌లోని ఆక్సలేట్లు అనే పదార్థాలు మేతలోని కాల్షియాన్ని పట్టి ఉంచి ఒంటికి అందనివ్వవు. రక్తంలో తగ్గిన కాల్షియాన్ని శరీరం ఎముకల నుంచి తీసుకుంటుంది, ఖాళీ అయిన చోట నారలాంటి కణజాలం పెరుగుతుంది. అందుకే దవడలు, కళ్ల కింది ఎముకలు ఉబ్బుతాయి, పళ్లు వదులై నమలడం కష్టమవుతుంది.

రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే కనిపించవచ్చు కనుక, ఆ ఒక్క ఫలితం చూసి నిశ్చింతగా ఉండకుండా రోజూ పెడుతున్న మేతను కాగితం మీద రాసి వైద్యుడికి చూపించండి. తవుడును దాదాపు మానివేసి, నేపియర్ వాటా తగ్గించి, లూసర్న్ గడ్డి చేర్చాలి. రాయలసీమలో దొరికే వేరుశనగ కట్టెలోనూ (కాయలు తీసేశాక మిగిలే ఎండు మొక్కల మేత) కాల్షియం బాగానే ఉంటుంది, కాని బూజు వాసన వస్తే ఒక్క పిడికెడు కూడా పెట్టవద్దు. సున్నపురాతి పొడిని వైద్యుడు చెప్పిన మోతాదులో దాణాలో కలపవచ్చు. కుంటి తగ్గడానికి నెలలు పడుతుంది, ముఖపు ఉబ్బు పూర్తిగా పోకపోవచ్చు, కాబట్టి తొలి కుంటినాడే మేత సంగతి చూడటం అవసరం.

లారీ ఎక్కనంటోంది, ప్రయాణం తరువాత దగ్గు, జ్వరం

ఎక్కకపోవడానికి కారణం చాలావరకు భయమే. జారే పలక, లోపలి చీకటి, కాలి కింద మోగే చప్పుడు దాన్ని ఆపుతాయి. పలక మీద కొబ్బరిపీచు పట్టా పరిచి, ప్రయాణానికి ముందు కొన్ని రోజులు ఆగి ఉన్న లారీలోనే మేత పెట్టి దించుతూ ఉంటే కర్ర అవసరం రాదు. దేశంలో గుర్రాల రవాణాకు 1978 నాటి నిబంధనల ప్రకారం పశువైద్యుడి ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి.

తల పైకెత్తి పొట్టి పగ్గంతో కట్టివేస్తే శ్వాసనాళంలో చేరిన చీమిడి, దుమ్ము కిందికి జారలేక ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. నాలుగు గంటలకు ఒకసారి ఆపి, నీళ్లిచ్చి, తలను నేల దాకా దించనివ్వాలి. చేరిన తరువాత మూడు రోజులు ఉదయం, సాయంత్రం ఉష్ణోగ్రత చూసి, 38.5 డిగ్రీల సెల్సియస్ దాటితే వైద్యం మొదలుపెట్టించండి.

ముక్కు నుంచి చిక్కటి చీమిడితోపాటు ముక్కు లోపల పుండ్లు, చర్మం మీద గడ్డలు కూడా కనిపిస్తే అది గ్లాండర్స్ కావచ్చు. ఇది మనుషులకూ అంటుకునే ప్రాణాంతక వ్యాధి. చేతి తొడుగులు, మాస్కు లేకుండా గుర్రాన్ని తాకవద్దు. వేరుగా కట్టివేసి, దాని నీళ్ల తొట్టిని మరో గుర్రానికి వాడకుండా, ప్రభుత్వ పశువైద్యుడికి ఆ రోజే తెలియజేయండి. ఆయన తీసిన రక్తపు నమూనాపై నిర్ధారణ పరీక్షలు హిసార్‌లోని జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో జరుగుతాయి. ఫలితం వచ్చేదాకా గుర్రాన్ని ఆ చోటు నుంచి కదిలించకూడదు.