వందల ఎక్స్ఎంఎల్ మాన్యువల్ ఫైళ్లను స్క్రిప్టుతో తనిఖీ చేయడం ఎలా

అనంతపురంలో కూర్చుని నేను రాసే మాన్యువళ్లలో ఎక్కువ భాగం డ్రిప్ పరికరాలకూ, బోరుబావుల్లో దించే సబ్‌మెర్సిబుల్ మోటార్లకూ సంబంధించినవి. వీటిని డీటా పద్ధతిలో, అంటే సమాచారాన్ని అంశాల వారీగా ఎక్స్ఎంఎల్ (భాగాలను ట్యాగులతో గుర్తించే రూపం)లో రాసే పద్ధతిలో, చిన్న చిన్న టాపిక్ ఫైళ్లుగా విడగొట్టి రాస్తాము. ఫిల్టరు కడగడానికి ఒక ఫైలు, స్టార్టరు బిగించడానికి ఒక ఫైలు అనుకుంటూ పోతే ఒక్క మోటారుకే నాలుగు వందల పైచిలుకు ఫైళ్లు తయారవుతాయి. ఇన్నింటినీ ఎడిటర్‌లో ఒక్కొక్కటిగా తెరిచి చూడడం అయ్యే పని కాదు కనుక స్క్రిప్టు రాసుకోక తప్పదు. అయితే ఆ స్క్రిప్టు ఏ తప్పూ చూపకుండా ముగిసినప్పుడు దాన్ని ఏ మేరకు నమ్మవచ్చో తెలిసి ఉండడం చాలా అవసరం, ఎందుకంటే ఈ పనిలో నష్టమంతా అక్కడే జరుగుతుంది.

ముందుగా రెండు తనిఖీలను వేరు చేసి చూడాలి. మొదటిది ఫైలు వెల్‌ఫార్మ్‌డ్‌గా ఉందా లేదా అన్నది. తెరిచిన ట్యాగును మూయాలని, ఆట్రిబ్యూట్ (ట్యాగులో ఇచ్చే అదనపు వివరం) విలువ చుట్టూ కొటేషన్ గుర్తులు ఉండాలని 1998 నాటి ఎక్స్ఎంఎల్ 1.0 ప్రమాణమే చెబుతుంది. మా ఫైళ్లలో తరచుగా కనిపించే తప్పు ‘నట్లు & బోల్టులు’ అని రాయడం. ఆ గుర్తును అలాగే వదిలేస్తే ఎక్స్ఎంఎల్‌ను చదివే పార్సర్ దాన్ని ఒక ఎంటిటీకి, అంటే మరో అక్షరాన్నో పాఠాన్నో సూచించే సంకేతానికి, ప్రారంభమనుకుని అక్కడే ఆగిపోతుంది. ‘నట్లూ బోల్టులూ’ అని రాస్తే పార్సర్‌కూ ఇబ్బంది ఉండదు, తెలుగు వాక్యమూ బాగుంటుంది.

రెండవది వ్యాలిడేషన్, అంటే ఏ ట్యాగు ఎక్కడ, ఏ వరుసలో రావాలో చెప్పే నియమాల ఫైలుకు (డీటీడీకి గానీ స్కీమాకు గానీ) మన ఫైలు లోబడి ఉందో లేదో చూడడం. పని చేసే విధానాన్ని చెప్పే డీటా టాపిక్ రకమైన స్ట్రిక్ట్ టాస్కులో ముందుగా సరిచూసుకోవలసిన అంశాలు తప్పనిసరిగా పనిమెట్ల కంటే ముందే రావాలి. ‘మెయిన్ స్విచ్ ఆపండి’ అన్న సూచనను ఎవరైనా మెట్ల తరువాత పెట్టినా ఫైలు వెల్‌ఫార్మ్‌డ్‌గానే ఉంటుంది, డీటీడీ మాత్రమే దాన్ని పట్టుకుంటుంది. తడి కాళ్లతో స్టార్టరు పెట్టె ముందు నిలబడి చదివే రైతుకు ఈ వరుస ఎంత ముఖ్యమో వేరే చెప్పనవసరం లేదు.

ఈ రెండు తనిఖీలకూ ఎక్స్ఎంఎల్‌లింట్ అనే కమాండు చాలు. ఉబుంటులో అది లిబ్‌ఎక్స్ఎంఎల్2-యుటిల్స్ అనే ప్యాకేజీలో దొరుకుతుంది. ‘నోఅవుట్’ ఆప్షన్ ఇవ్వకపోతే ఫైలు మొత్తాన్నీ తెర మీద కుమ్మరిస్తుంది కనుక దాన్ని మరవకూడదు. డీటీడీతో సరిచూడడానికి ‘వ్యాలిడ్’, రిలాక్స్ ఎన్‌జీ స్కీమాతో సరిచూడడానికి ‘రిలాక్స్ఎన్‌జీ’ ఆప్షన్ ఇవ్వాలి. వీటితో పాటు ‘నోనెట్’ కూడా ఇవ్వడం మంచిది. అప్పుడు ఎక్స్ఎంఎల్‌లింట్ డీటీడీ కోసం నెట్‌లోకి వెళ్లదు, ఏ డీటీడీ ఎక్కడుందో చెప్పే కేటలాగ్ ఫైలును మన యంత్రంలోనే చూస్తుంది. కేటలాగ్ ఎక్కడుందో ఎక్స్ఎంఎల్_కేటలాగ్_ఫైల్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో తెలపాలి. అది సరిగా లేకపోతే ప్రతి ఫైలుకూ డీటీడీ దొరకలేదన్న ఫిర్యాదే వస్తుంది. అలాంటప్పుడు ఫైళ్లను ముట్టుకోకుండా కేటలాగ్‌ను సరిచేయాలి.

ఇక స్క్రిప్టు విషయం. ఫైండ్ కమాండుతో ఫైళ్లను ఏరి, ఆ పేర్లను తనిఖీ కమాండుకు చేర్చే ఎక్స్ఆర్గ్స్‌కు ‘ప్రింట్0’ ద్వారా అందించి, అక్కడ సున్నా ఆప్షన్ పెడితే పేర్ల మధ్య ఖాళీలున్న ఫైళ్లు కూడా ముక్కలు కాకుండా చేరతాయి. నేను మొదట్లో ఇలా చేయక, ఫైళ్లను ఒక్కొక్కటిగా తీసుకునే ఫార్ లూప్ రాసుకున్నాను. కమాండు ముగుస్తూ ఇచ్చే కోడ్ సున్నా అయితే తప్పులేమీ లేవని అర్థం. షెల్‌లో లూప్ ముగింపు కోడ్ చివరి ఫైలుదే అవుతుంది. నడుమ మూడు ఫైళ్లు చెడిపోయి ఉన్నా చివరిది బాగున్నందున సున్నా వచ్చింది, నేను తనిఖీ అయిపోయిందనుకుని ఫైళ్లు పంపించాను, మాన్యువల్ అచ్చుకు సిద్ధమవుతుండగా ఒక అధ్యాయమే లేదని తిరిగి వచ్చింది. ఎక్స్ఆర్గ్స్ అయితే నడుమ ఒక్కసారి కమాండు తప్పుతో ముగిసినా చివరికి 123 అనే కోడ్ ఇస్తుంది. ఫైండ్‌లోనే ‘ఎగ్జెక్’ రాసి సెమికోలన్‌తో ముగిస్తే ఆ సౌకర్యం ఉండదు.

ఫోల్డరు పేరు తప్పు రాసినా స్క్రిప్టు తప్పులు చూపకపోవచ్చు, ఎందుకంటే అది చూసిన ఫైళ్లే లేవు. అందుకని ఎన్ని ఫైళ్లు చూశామో చివర తెర మీద అచ్చు వేయించి, ఆ సంఖ్యను మాన్యువల్‌లోకి వచ్చే ఫైళ్ల జాబితా అయిన డీటా మ్యాప్‌లోని టాపిక్‌ల సంఖ్యతో పోల్చాలి. తెలిసి తెలిసి ఒక ట్యాగు మూయని ఫైలును వేరే ఫోల్డరులో ఉంచుకుని, ముందు దాని మీద స్క్రిప్టు నడిపి, అది తప్పు పడుతోందని కళ్లతో చూసిన తరువాతనే అసలు ఫైళ్ల దగ్గరకు పోవాలి. తప్పుల జాబితా పొడుగ్గా వచ్చినప్పుడు కంగారు పడనవసరం లేదు. మూయని ట్యాగు ఒక్కటే పదుల వరుసల ఫిర్యాదులకు కారణం కావచ్చు, కనుక ప్రతి ఫైలులోనూ మొదటి తప్పును మాత్రమే సరిచేసి మళ్లీ నడపాలి.

ఫైళ్ల మధ్య లింకులను డీటీడీ పట్టించుకోదు. లింకు చిరునామా ఉండే హెచ్‌రెఫ్ ఆట్రిబ్యూట్ దాని దృష్టిలో ఏదో ఒక అక్షరాల వరుస మాత్రమే. ఇక్కడ లింకు చేరవలసిన చోట్లకు ఇచ్చే పేర్లను, అంటే ఐడీలను, తెలుగులో పెట్టేవారు జాగ్రత్తపడవలసిన విషయం ఒకటుంది. ‘పంప్’ అనే పదం చివర పొల్లు తరువాత పక్క అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనిపించని జీరో విడ్త్ నాన్ జాయినర్ అక్షరం చేరినా తెర మీద పదం అచ్చం అలాగే ఉంటుంది. ఎక్స్ఎంఎల్ 1.0 అయిదవ కూర్పు, అంటే 2008 నాటిది, ఆ అక్షరాన్ని పేర్లలో అనుమతిస్తుంది. కాబట్టి వ్యాలిడేషన్ సాఫీగా ముగుస్తుంది, లింకు మాత్రం తెగి ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి పైథాన్‌లో ఎల్‌ఎక్స్ఎంఎల్ లైబ్రరీతో ఇరవై వరుసల చిన్న స్క్రిప్టు సరిపోతుంది. ముందు అన్ని ఫైళ్లలోని ఐడీలనూ ఫైలు పేరుతో సహా ఒక సెట్‌లో చేర్చాలి. తరువాత ప్రతి హెచ్‌రెఫ్‌నూ, మరో చోటి పాఠాన్ని తెచ్చుకునే కాన్‌రెఫ్‌నూ హాష్ గుర్తు దగ్గరా, దాని తరువాత స్లాష్ ఉంటే అక్కడా విడగొట్టి ఆ సెట్‌లో ఉందో లేదో చూడాలి. పనిలో పనిగా ఐడీల్లో యూనికోడ్ 200సీ అక్షరం (పైన చెప్పిన జీరో విడ్త్ నాన్ జాయినర్) ఉంటే ఆ ఫైలు పేరునూ, వరుస సంఖ్యనూ అచ్చు వేయించాలి. కొత్తగా మొదలుపెట్టే మాన్యువల్‌లో మాత్రం ఐడీలకు ఇంగ్లీషు చిన్న అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేమీ వాడకుండా ఉంటే ఈ చివరి తనిఖీలో ఒక్క వరుస కూడా రాదు.