బేస్‌బాల్ స్కోరు చదవడం - 4వ పాఠం: పిచర్ లెక్క

పోయినసారి బ్యాటర్ లెక్క చూశాం. ఈసారి పిచర్‌ది, అంటే బ్యాటర్‌కి బంతి విసిరేవాడిది. ముందు ఈ వరస కాగితం మీద రాసుకోండి.

ఛార్లెస్ రాడ్‌బర్న్, ప్రావిడెన్స్ గ్రేస్ జట్టు, 1884: ఇన్నింగ్స్ 678.2, పరుగులు 216, ఎర్న్‌డ్ రన్స్ (పిచర్ ఖాతాలో పడే పరుగులు) 104, స్ట్రైక్‌అవుట్లు (మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ని అవుట్ చేసినవి) 441, గెలుపులు 59.

మొదటి అంకె దగ్గరే చాలామంది పొరబడతారు. 678.2 దశాంశం కాదు. క్రికెట్‌లో 6.2 ఓవర్లంటే ఆరు ఓవర్ల రెండు బంతులు కదా, ఇదీ అంతే: 678 ఇన్నింగ్స్, పైన రెండు అవుట్లు. ఇన్నింగ్స్‌కి మూడు అవుట్లు కాబట్టి లెక్కలో 678.67 అని వేసుకోవాలి.

ఇప్పుడు ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఎన్ని ఎర్న్‌డ్ రన్స్ ఇచ్చాడో. 104ని 9తో గుణిస్తే 936. దాన్ని 678.67తో భాగిస్తే 1.38. అద్భుతమైన అంకె! ఫీల్డర్ల తప్పులతో వచ్చిన పరుగులు ఇందులో కలవవు. 216లో 112 అలా పోయాయంటే ఆశ్చర్యపోకండి, అప్పట్లో చాలామంది గ్లవ్ లేకుండా ఉత్త చేతులతోనే బంతి పట్టేవాళ్లు. ప్రావిడెన్స్ ఆడిన నేషనల్ లీగ్ ఈఆర్‌ఏని అధికారికంగా లెక్కించింది 1912 నుంచే. రాడ్‌బర్న్ 1897లోనే పోయాడు. తన 1.38ని తను చూసుకోలేదు.

అన్ని ఇన్నింగ్స్ ఎందుకు వేశాడు? జులైలో క్లబ్ అతన్ని సస్పెండ్ చేసింది. కొద్దిరోజులకే రెండో పిచర్ ఛార్లీ స్వీనీ జట్టుకి దూరమయ్యాడు. రాడ్‌బర్న్ తిరిగొచ్చి మిగతా సీజన్‌ దాదాపు ఒంటిచేత్తో లాగాడు. పొద్దున లేస్తే తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి పైకి లేచేది కాదని చెబుతారు. నాకు ఈ వరసలో అన్నిటికంటే బరువైన అంకె 678.2 అనిపించేది అందుకే.

కొన్ని పుస్తకాల్లో గెలుపులు 60 అని ఉంటుంది. ఒక మ్యాచ్‌లో మొదటి పిచర్ ఐదు ఇన్నింగ్స్ వేసి ఆధిక్యంలో ఉండగా తప్పుకుంటే, మిగతాది రాడ్‌బర్న్ ముగించాడు. ఇప్పటి రూల్ ప్రకారం ఆ గెలుపు మొదటివాడిది.

ఈ అంకెల్ని ఇప్పటి పిచర్లతో నేరుగా పోల్చకండి. పిచర్ గీత అప్పుడు బ్యాటర్ నిలబడే చోటికి 50 అడుగుల దూరంలో ఉండేది. 60 అడుగుల 6 అంగుళాలు అయింది 1893లో.

అభ్యాసం: తొమ్మిది ఇన్నింగ్స్‌కి అతని స్ట్రైక్‌అవుట్లు ఎన్ని? 5.85 రావాలి.