ప్లాన్ ఒకరిది, పిల్లరు ఇంకొకరిది: కోనసీమ సైట్లలో వచ్చే గొడవలు, వాటికి మందు

ఇల్లు కట్టేవాళ్లు నాకు ఫోన్ చేసేది శంకుస్థాపనప్పుడు కాదండి, పిల్లర్లు లేచాక. అప్పటికి ప్లాన్ గీసినాయన డబ్బులు పుచ్చుకుని ఇంకో పనిలో పడిపోతారు, స్ట్రక్చరల్ ఇంజనీరు గారు సైటు మొహం కూడా చూసుండరు, కాంట్రాక్టరేమో "డ్రాయింగులో ఎలా ఉంటే అలాగే పోశానండి, మధ్యలో నాదేముంది" అంటాడు. తమాషా ఏంటంటే ముగ్గురిలో తప్పు ఫలానా వాళ్లదని చెప్పలేం, గీసేముందు ముగ్గురూ ఒకచోట కూర్చోకపోవడమే అసలు గొడవ. అమలాపురం చుట్టుపక్కల, అటు రాజోలు వైపు నాకు తరచుగా తగిలే కంప్లైంట్లు కింద రాస్తున్నా, మీ సైట్లో ఏది కనపడితే నేరుగా అక్కడికి వెళ్లిపోండి.

సమస్య: ఫుటింగు (పిల్లరు కింద పునాది) గుంట తవ్వుతుంటే నీళ్లు ఊరిపోతున్నాయి, అంచులు జారిపోతున్నాయి, మోటారు పెట్టినా తగ్గట్లేదు

కారణం: సాయిల్ టెస్ట్ చేయించకపోవడం మొదటిది, అది అందరికీ తెలిసిందే. రెండోది మన డెల్టాలో మాత్రమే దొరికే తప్పు, టెస్టు చేయిస్తారు కానీ ఎండాకాలంలో చేయిస్తారు. ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు బావుల్లో నీళ్లు అడుగంటుతాయి, రిపోర్టులో నీటిమట్టం బాగా లోతున ఉన్నట్టు రాస్తారు. జూన్లో ధవళేశ్వరం దగ్గర నీళ్లు వదిలాక పంటకాలువ పక్కనున్న స్థలాల్లో ఆ మట్టం ఎంత పైకొస్తుందో ఇంజనీరు గారికి ఎలా తెలుస్తుంది, ఆయన ఆ కాగితం చూసే డిజైన్ చేస్తారు.

నేను చూసిన ఒక సైట్లో గుంట నాలుగడుగులు తవ్వేసరికి బురద బొళబొళా పొంగింది, మేస్త్రీ గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకుంటూ "ఆయ్, సార్వా ఊడ్పులప్పుడు ఈ బావిలో చెంబుతో వంగి ముంచుకోవచ్చండి" అన్నాడు. ఆ ముక్క డ్రాయింగు గీసే ముందు అని ఉంటే ఇంజనీరు ఫౌండేషనే మార్చేసేవారు. అనలేదంటే దాచుకుని కాదండి, అప్పటికి ఆ మేస్త్రీని అడిగినవాళ్లే లేరు.

పరిష్కారం: ఇప్పటికే తవ్వేసి ఉంటే నీళ్లలోనే కాంక్రీటు పోసేయకండి, సిమెంటు కొట్టుకుపోయి కంకర మిగులుతుంది. గుంట మూలన ఇంకో అడుగున్నర లోతుగా చిన్న గొయ్యి తీసి మోటారు అందులో పెట్టండి, మెత్తబడిన బురద తీయించి, కింద ఏముందో ఇంజనీరు వచ్చి కళ్లతో చూశాకే బెడ్డు, అంటే అడుగు కాంక్రీటు, పోయండి. నల్లరేగడి ఉన్నచోట మామూలు ఫుటింగు బదులు అడుగున ఉబ్బు ఉండే అండర్ రీమ్డ్ పైల్స్ వేయమంటారు, ఆ ఉబ్బు సాధారణంగా పైలు మందానికి రెండున్నర రెట్లు, అంటే 300 మిల్లీమీటర్ల పైలుకి 750. ఇది వేయగలిగిన మనుషులు, మిషను మీ కాంట్రాక్టరు దగ్గర ఉన్నారా లేదా అన్నది డిజైన్ చేసేముందే తెలియాలి, తర్వాత తెలిస్తే ఏడుపే. ఇంకో మాట, నేలలో కట్టిన నీళ్ల సంపు ఖాళీగా ఉంచితే వానాకాలంలో పడవలాగా పైకి లేచే ప్రమాదం ఉంది, ఆ బరువు లెక్క కూడా అప్పుడే అడగండి.

సమస్య: పిల్లరు గదిలోకి పొడుచుకొచ్చింది, కప్‌బోర్డ్ పట్టట్లేదు

కారణం: ఆర్కిటెక్టు తొమ్మిదంగుళాల గోడలో తొమ్మిదంగుళాల పిల్లరే అనుకుని గదులు కొలిచారు. భూకంపాలకి తట్టుకునేలా కట్టడానికి ఉన్న 2016 నాటి ఐఎస్ 13920 కోడ్ ప్రకారం పిల్లరు వెడల్పు 300 మిల్లీమీటర్లకి, అంటే అడుగుకి తగ్గకూడదు. ఆ మూడంగుళాలు ఎక్కడికి పోతాయండి, మంచం పక్కకే వస్తాయి. దానికి తోడు వాస్తు గారొచ్చి ఈశాన్యంలో పిల్లరు జరపమంటే పై ఫ్లోరు బీముకి కింద ఆధారమే ఉండదు.

పరిష్కారం: ఇనుము కట్టకముందైతే పిల్లర్ని గది వైపు కాకుండా బయటికి, లేదా తలుపు వెనక్కి తిప్పొచ్చేమో అడగండి. పోసేశాక చెక్కడం మాత్రం వద్దు, ఉన్న ముక్కనే కప్‌బోర్డ్ పక్క చెక్కలో కలిపేసుకోండి. కొత్తగా కట్టేవాళ్లు వాస్తు ఆయన్ని కూడా మొదటి కూర్చోడంలోనే కూర్చోబెట్టండి, ఆయన ఎలాగూ వస్తారు, స్లాబుకి ముందు రోజు రావడం కన్నా అదే నయం.

సమస్య: ప్లంబరు బీముకి కన్నం కొట్టేశాడు

కారణం: పై బాత్రూం కింద హాలు, పైపు దిగడానికి దారి ఎవరూ గీయలేదు. ప్లంబర్ని పిలిచేది సెంట్రింగ్ (స్లాబు పోయడానికి కింద కట్టే ఆధారం) ఊడదీశాక, ఆయనకి మిగిలింది సుత్తే. ఒకచోట నాలుగంగుళాల పైపు కోసం పిల్లరు పక్కనే బీములో ఊచల చుట్టూ కట్టే ఇనుప రింగులు రెండు తెగ్గొట్టారు, బీముకి ఎక్కువ బలం కావల్సిందే ఆ చివర్లో.

పరిష్కారం: వెంటనే కింద సపోర్టులు పెట్టించి ఇంజనీర్ని పిలవండి, సిమెంటు పూసి మూసేసి ఊరుకోకండి. పైపుని బయట గోడకి తిప్పుకోవాలి. ఇంకా స్లాబు పోయకపోతే సంతోషం, ఎక్కడెక్కడ పైపులు దిగుతాయో ప్లంబరు, ఇంజనీరు ఒకే కాగితం మీద గుర్తుపెట్టి ఆ చోట్ల పైపు ముక్కలు పెట్టి పోయించండి. బాత్రూం స్లాబు కిందకి దించాలన్నా సెంట్రింగ్ ముందే తెలియాలి, ఎందుకంటే ఆ బీము లోతు మారుతుంది.

సమస్య: నాలుగేళ్లకే సన్‌షేడ్ కింద పెచ్చులూడి ఇనుము తుప్పు కనపడుతోంది

కారణం: సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలి, పైగా బోరు నీళ్లు ఉప్పు, వాటితోనే కాంక్రీటు కలిపేశారు. ఇనుమున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడు లీటరుకి 500 మిల్లీగ్రాములు దాటకూడదని కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456లో ఉంది. సముద్రపు గాలికి నేరుగా ఎదురయ్యే కాంక్రీటుకి ఎం30 గ్రేడు బలం, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు (ఇనుముని కప్పే కాంక్రీటు మందం) ఉండాలని కూడా అందులోనే ఉంది. సన్‌షేడ్‌కి అంత కవరు ఇస్తే దాని మందం పెరుగుతుంది, ఆర్కిటెక్టు గీసిన సన్నటి అంచు పోతుంది, అందుకే ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు.

పరిష్కారం: పెచ్చులు తీసేసి తుప్పు పూర్తిగా గీకించి రిపేరు మోర్టారు వేయించాలి, ఉత్త సిమెంటు పూత ఏడాదికే ఊడుద్ది. కొత్త పనికి నీళ్లు ల్యాబులో చూపించాకే కాంట్రాక్టరుతో రేటు మాట్లాడండి, ట్యాంకరు నీళ్లైతే ఆ ఖర్చు ఆయన రేటులోకి రావాలి కదా.

సమస్య: రోడ్డు మీద నీళ్లు వరండాలోకి వస్తున్నాయి

ప్లింతు, అంటే ఇంటి నేల ఎత్తు, ఇవాళ్టి రోడ్డుని చూసి పెట్టారు. రోడ్డు పోసిన ప్రతిసారీ కాస్త పెరుగుద్ది, 1986 ఆగస్టు వరద నీళ్లు ఎంతవరకొచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లని అడిగినవాళ్లు లేరు. కట్టేశాక గుమ్మం ముందు గట్టు కట్టుకోవడం తప్ప పెద్దగా ఏం చేయలేం. కట్టకముందైతే ఎత్తు ఆర్కిటెక్టు చెప్పాలి, ఫిల్లింగ్ ఎన్ని ట్రాక్టర్లు పడుతుందో కాంట్రాక్టరు అక్కడే లెక్క చెప్పాలి.

గీసేముందే అందరినీ కూర్చోబెట్టమంటే "కాంట్రాక్టరు ఇంకా ఖాయం కాలేదు కదండీ, ముందే ఎలా పిలుస్తాం" అని అడుగుతారు అందరూ. ఊళ్లో నాలుగిళ్లు కట్టిన మేస్త్రీకి ఒక రోజు కూలి ఇచ్చి పిలవండి, పని ఇస్తామని మాటివ్వక్కర్లేదు. ప్లాన్ పెన్సిలుతో ఉండగానే ఆర్కిటెక్టుని, ఇంజనీర్ని, ఆయన్ని ఆ స్థలంలోనే నిలబెట్టండి, పక్కింటి బావిలోకి ముగ్గురితోనూ ఒకసారి తొంగి చూపించండి.